గాజుతొట్టిలో ఫిడేలు పీత

కాకినాడ చేరువనున్న కోరింగ మడ అడవులలో, ఆటుపోటులు తాకు బురదనేలపై ఫిడేలు పీతలు బొరియలు త్రవ్వుకొని జీవించును. మగపీతకు ఒక డెక్క మాత్రము మిక్కిలి పెద్దది. అది ఫిడేలును బోలుటచే దానికా పేరు వచ్చెను. దాని నూపుచు అది ఆడుపీతను పిలుచును.

ఇట్టి పీతను వేడుకకై కొనితెచ్చి, చేపనువలె గాజుతొట్టిలో మంచినీట ముంచి యుంచుట తగదు. ఏరును కడలియు కలియుచోటి నీటివలె కొంత ఉప్పగానుండు నీరు, వెలికివచ్చి తిరుగుటకు తడియిసుక గట్టు, పైపెంకు విడుచునపుడు దాగుటకు చాటు దానికి కావలెను.

మంచినీటను కొన్నాళ్లు బ్రదికినది గదా యని కొందరందురు. ఓర్చుకొనుట వేరు, సుఖముగా జీవించుట వేరు. ఆ వసతులు కల్పింపజాలనివారు దానిని కొనకుండుటయే దయ.