దయ్యాల కథలంటే అంత చులకనా?

తమిళనాట మన తెలుగు సంఘాలవారు కథల పోటీ పెట్టినప్పుడు నియమాల చివర తరచుగా ఒక మాట కనిపిస్తుంది: క్షుద్ర రచనలు, దయ్యాల కథలు పంపరాదు. నిరుడు నేను పంపిన కథ ఒకటి ఆ కారణంతోనే తిరిగి వచ్చింది. ఆ సంఘం పేరు ఇక్కడ అనవసరం. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి, దరఖాస్తులు తిప్పి పంపడం నాకు కొత్త కాదు. నా పేచీ ఆ నియమంతోనే. తెలుగు చదివేవాళ్ళు కరువయ్యారని ప్రతి సభలోనూ కంటతడి పెట్టే పెద్దలే, రాత్రి దీపం ఆర్పకుండా చదివించగల రచనను వాకిట్లో నిలబెట్టి తలుపు వేసుకుంటున్నారు. ఇది ఎక్కడి లెక్క?

నాది నాగలాపురం. కోవిల్‌పట్టి, విరుదునగరం వైపు నల్లరేగడి సీమ. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, తర్వాత ఆఫీసులో ఇంగ్లీషు. బి.కాం. పట్టా చేతికి వచ్చేనాటికి నాకు తెలుగులో నా పేరు రాసుకోవడం కూడా రాదు. ఉద్యోగరీత్యా గూడూరు వెళ్ళినప్పుడు బస్సు బోర్డుల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. పెద్దబాలశిక్ష కొన్నాను గాని నాలుగు పేజీలు దాటలేదు. నా చేత పేజీలు తిప్పించింది అద్దె పుస్తకాల కొట్లో తెచ్చుకున్న యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. ఆ పసిపిల్లకు తరువాతి పేజీలో ఏమవుతుందోనన్న భయమే నాకు వత్తులు నేర్పింది. చాసోనూ రావిశాస్త్రినీ ఆ తర్వాతే చదవగలిగాను. మెట్లు పడగొట్టి మేడ ఎక్కమంటే ఎవడు ఎక్కుతాడు?

దయ్యాల కథలు రాసేవాడంటే శ్మశానంలో కూర్చుని రాస్తాడని కొందరి ఊహ. యండమూరి చార్టర్డ్ అకౌంటెంటు. కొన్నేళ్ళు స్టేట్ ఫైనాన్షియల్ కార్పొరేషన్‌లోనూ, ఆ తర్వాత ఆంధ్రా బ్యాంకులోనూ పనిచేసి, పిదప ఉద్యోగం వదులుకున్న మనిషి. ‘డ్రాకులా’ రాసిన బ్రామ్ స్టోకర్ డబ్లిన్‌లో సర్కారు గుమాస్తా. 1879లో అతను అచ్చువేయించింది ఐర్లండు చిన్న కోర్టుల గుమాస్తాల విధులను గురించిన ఆఫీసు పుస్తకం! తర్వాత లండన్‌లో ఒక నాటకశాల వ్యవహారాలు చూసుకుంటూ 1897లో ‘డ్రాకులా’ వెలువరించాడు. ఆ నవల నిండా తేదీలు వేసిన డైరీలు, ఉత్తరాలు, తంతివార్తలు. వోచర్లన్నీ వరుసగా పెట్టిన ఫైలులా ఉంటుంది. సీరియల్ రచయిత బతుకూ అంతే. వారం తిరిగేసరికి ఆ వారం భాగం పత్రికకు చేరాలి. పాఠకుణ్ణి మరో వారం ఆపగల చోట అది ముగియాలి. ఇది సోమరులు చేసే పని కాదు.

ఆ నవల అచ్చు చరిత్ర కూడా చూడండి. 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. దానికి కొనసాగింపు ‘తులసి’. అదే 1986లో ‘కాష్మోరా’ సినిమా అయింది. ఆంధ్రభూమి అచ్చు 2020లో ఆగిపోయింది. ఆంధ్రా బ్యాంకు అదే ఏడు ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పత్రిక పోయింది, బ్యాంకు పోయింది, నవల నిలిచింది. తర్వాత అదే రచయిత ‘విజయానికి ఐదు మెట్లు’ రాస్తే మన పెద్దలు పిల్లలకు బహుమతిగా కొనిస్తున్నారు. ఒకే కలం నుంచి వచ్చినా, జీతం పెంచుకునే దారి చెబితే సాహిత్యమూ, భయం గురించి చెబితే క్షుద్రమూనా?

యండమూరి నవలలు తమిళంలోకీ వచ్చాయి. మా వైపు ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రవాళ్ళు ఆయన్ను చదివారంటే తమిళ అక్షరాల్లోనే చదివారు. తెలుగువాడు తెలుగులో పుట్టించిన దయ్యం తెలుగు ఇంటికి తమిళ వేషం వేసుకొని వస్తోంది. సిగ్గుపడవలసిన సంగతి ఏదైనా ఉంటే అది ఇదీ!

ఇక అవతలి పక్షం వాదన. అది తేలికగా కొట్టిపారేయదగింది కాదు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే రాశారు. చేతబడి నిజమేనేమోనన్న అనుమానం చదివేవాడి మనసులో నాటితే, దాని ఫలితం ఏ దిక్కూలేని ముసలిదాని మీదనో పడుతుంది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఆ నవల శాస్త్రాన్నీ మంత్రాన్నీ పక్కపక్కనే నడిపించి, పిల్లను బతికించింది ఏదో తేల్చకుండా వదిలేసింది. ఆ విమర్శ న్యాయమైనదే. కాని ఒక నవల మీద చేసిన విమర్శను ఒక జాతి కథల మీద నిషేధంగా మార్చడం న్యాయం కాదు. ఒక ఖాతాదారుడు బాకీ ఎగ్గొట్టాడని ఊరంతటికీ అప్పులు ఆపేస్తామా?

‘చందమామ’ సంగతి మరిచారా? 1947 జూలైలో మద్రాసు నుంచి తెలుగు తమిళాల్లో మొదలైన ఆ పిల్లల పత్రికకు గుర్తు ఏమిటి? శవాన్ని భుజాన వేసుకొని శ్మశానం నుంచి నడిచే రాజు బొమ్మ! శవంలోని బేతాళుడు నెలనెలా కథ చెప్పాడు. మీరూ నేనూ చూసి వణికిపోయిన ఆ బొమ్మ గీసినవారు శంకర్, తమిళులు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు మార్క్సిస్టు, హేతువాది. మాంత్రికులతో రాక్షసులతో పన్నెండు సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఆ సీరియళ్ళ మీద వేయనే లేదు. ఎందరో పిల్లలను భయపెట్టి, ఆ భయంతోనే చదువరులను చేసిన మనిషి, పేరులేకుండా మద్రాసులో జీవితమంతా పనిచేశారు. 2010లో పోయారు. కుటుంబరావుకు లేని అంటు మన సంఘాలకు ఎక్కడి నుంచి వచ్చింది?

మన సీమకే వద్దాం. తెల్లవారుజామున శ్మశానం నుంచి వస్తున్నాడని చెప్పుకునే గుడుగుడుప్పకారుణ్ణి, ఆంధ్రలో బుడబుక్కలవాడంటారే అతణ్ణి, తలచుకుంటే మా పిల్లకాయలు దుప్పటి ముసుగు తన్నేవాళ్ళు. జక్కమ్మ పేరు చెప్పి వీధిలో జోస్యమంతా తమిళంలో పలికి, గుడిసెకు పోయి పెళ్ళాం బిడ్డలతో తెలుగు మాట్లాడతాడు. 1799లో కట్టబొమ్మన మంత్రి సుబ్రహ్మణ్య పిళ్ళైని కంపెనీవాళ్ళు ఉరితీసింది మా నాగలాపురంలోనే. తలను పాంచాలంకురిచ్చిలో కొయ్యకు గుచ్చారు. దయ్యాలు లేకపోవడానికి మాదేమన్నా నిన్న మొన్న వెలిసిన కాలనీయా? మా పక్క ఇడైసేవల్‌లో పుట్టిన తెలుగుబిడ్డ కి. రాజనారాయణన్ 1976లో తమిళంలో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’లో, నగల కోసం ఒక గర్భిణిని చెరువు నీళ్ళలో ముంచి చంపుతాడు దొంగ. ఆమె వాడి కాలివేలును పళ్ళతో పట్టి వదలదు. ఆ దొంగను కొరత వేస్తారు. ఇంతకు మించిన భయానకం ఏ చవక నవలలో ఉంది? అదే గ్రామం కథను కొనసాగించిన నవలకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తమిళులు నెత్తిన పెట్టుకున్నారు. మదురైలో ఉంటూ ‘మర్మదేశం’ రాసిన ఇందిరా సౌందర్‌రాజన్ 2024 నవంబరులో పోతే, తమ రచయిత పోయాడనే అనుకున్నారు. మనమైతే ముందు ఆయన రాసింది సాహిత్యమా కాదా అని కమిటీ వేసేవాళ్ళం.

ఇప్పుడు అసలు సంగతి. తిరిగివచ్చిన నా కథ మా అవ్వ చెప్పింది. ఒక పత్తి ఏరే ఆడమనిషి. ఆరువారాల కూలి ఇవ్వకుండా ఆసామి తిప్పుతూ ఉండగానే పాము కరిచి పోతుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ పత్తి ఇంటికి చేరిన రాత్రి గాదె పక్కన గాజుల చప్పుడు. “నా కూలి యాడ సామీ?” అని ఒకటే మాట. ఆసామి మనవడి కాలం దాకా ఆ చప్పుడు ఆగలేదట. ఆ ఆసామి మన తెలుగువాడే. కూలిమనిషి కూడా తెలుగుదే, వేరే వీధి.

దయ్యమంటే తీరని బాకీ. నా వృత్తిలో అంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు. బావిలో పడిన కోడలు, కాన్పులో పోయి పేరంటాలైన ఆడబిడ్డ, కూలి అందని మనిషి: వీళ్ళంతా మన మీద అప్పున్నవాళ్ళు. మన సంఘాల సంచికలు తిరగేయండి. విజయనగర రాయలు, నాయక రాజులు, పాళెగాళ్ళు, వంశవృక్షాలు. జమ పద్దులన్నీ బంగారు అక్షరాల్లో! ఖర్చు పద్దు ఒక్కటీ కనపడదు. ఆ ఖర్చు పద్దు రాసి పెట్టింది మన అవ్వలు, దయ్యాల కథల్లో. పెద్దలకు ఆ కథలు రుచించకపోవడానికి మూఢనమ్మకం ఒక్కటే కారణమని నేను నమ్మను.

కనుక సంపాదకులకు నా విన్నపం. పత్రికలో నెలకు రెండు పేజీలు దయ్యాల కథలకు ఇవ్వండి. రెండే షరతులు పెట్టండి: మంత్రగాడికి ప్రచారం చేయకూడదు, ఏ కులాన్నీ ఏ దిక్కులేని ఆడదాన్నీ చేతబడి చేసేదిగా చూపకూడదు. కథ మన నోటి తెలుగులోనే ఉండాలి. తమిళ మాట దొర్లితే కొట్టివేయకండి. అక్షరం రానివాళ్ళు ఫోనులో చెప్పి పంపితే, రాయగలిగినవాళ్ళం రాసిపెడతాం. నేను మొదట కూర్చుంటాను.

బ్యాంకులో పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. ఆ తర్వాత వారసుడు కాగితాలతో వచ్చినా ఇస్తారు. అవ్వల దగ్గరున్న కథలకు అలాంటి నిధి ఎక్కడా లేదు. మా వీధిలో ఆ కథలు తెలిసినవాళ్ళు ఇక ముగ్గురే ఉన్నారు. అందరూ ఎనభై దాటినవాళ్ళే.