సైకిల్ బరువు ఎందుకు చెప్పరు?

పెనుకొండ దగ్గర యర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో సెల్టోస్ కార్లు బయటికి రావడం మొదలైంది. ఆ కారు ఆర్సీలో ఖాళీ బండి బరువు ఎన్ని కిలోలో స్పష్టంగా ఉంటుంది. నడిపేవాడు ఆ బరువును కాళ్లతో తొక్కడు, ఇంజనే లాగుతుంది. అయినా చట్టం ఆ అంకె అడుగుతుంది. అక్కడి నుంచి హిందూపురం వెళ్లి సైకిల్ షాపులో బండి బరువెంత అని అడిగితే మాత్రం "లైట్ వెయిటే సార్" అన్న మాట దగ్గరే సంగతి ఆగిపోతుంది. ఫ్రేము నిండా రంగురంగుల స్టిక్కర్లుంటాయి, బరువు ఒక్కటే ఉండదు.

తూకం తెలియని ప్రాంతమా అంటే కాదు. హిందూపురంలో పట్టుగూళ్లు కాటా ఎక్కాకే చేతులు మారతాయి, చింతపండైనా అంతే. ధర్మవరంలో ముడిపట్టు తూకం వేయందే మగ్గానికి చేరదు. గ్రాము తేడా వస్తే నిలదీసే ఈ ఊళ్లలోనే వేలు పోసి కొనే సైకిల్‌ను ఎవరూ తూచరు.

బరువు పట్టింపు పోటీల్లో తొక్కేవాళ్లకే అనుకుంటారు చాలామంది. నిజానికి వాళ్లకు ఈ ఇబ్బందే లేదు. రేసు సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి నిబంధన అమలు చేస్తోంది, కాబట్టి అక్కడ బండిని తూచే చూస్తారు. ఇబ్బందంతా బడిపిల్లలది. లావు టైర్లు, ముందూ వెనకా షాకబ్జర్లు, డిస్క్ బ్రేకులు ఉన్న ఇనుప సైకిల్ 18 కిలోలు దాటడం మామూలే. చూపుకు మోటార్ సైకిల్‌లా ఉంటుందని పిల్లవాడు అదే కావాలంటాడు, తండ్రి కొనిస్తాడు. మెట్లెక్కించి వరండాలో పెట్టాల్సినప్పుడు గానీ దాని సంగతి తెలియదు.

లెక్క చూడండి. 45 కిలోల అమ్మాయి, 5 కిలోల పుస్తకాల సంచి. సైకిల్ 14 కిలోలైతే మొత్తం 64, అదే 20 కిలోలైతే 70. పెనుకొండ కొండల వైపు ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడాకు శ్రమ దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది. చదునైన రోడ్డు మీద ఇంత తేడా తెలియదు, అక్కడ టైర్లలో గాలి సరిగా ఉండడమే ముఖ్యం.

బరువైన సైకిల్ చెడ్డదనడం లేదు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాడికి 20 కిలోల పైబడ్డ పాతకాలపు ఇనుప బండే నమ్మకం. అతనూ, ఆ అమ్మాయీ ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకోవాలంటే ముందు అంకె తెలియాలి.

చెప్పినా సరిగ్గా చెప్పాలి. కొన్ని కంపెనీలు ఇచ్చే బరువు అన్నింటికన్నా చిన్న సైజుది, అదీ పెడల్స్ లేకుండా తూచినది. స్టాండు, మడ్‌గార్డులు, క్యారియర్, బుట్ట బిగించాక ఇంటికొచ్చే బండి వేరు. ఒకే మోడల్‌లోనూ టైరు మారితే బరువు మారుతుందని అమ్మేవాళ్లంటారు. నిజమే. అలాంటప్పుడు ఏ సైజు, ఏమేం బిగించి తూచారు, ఎంత అటూఇటూ కావచ్చు అన్నది పక్కనే రాస్తే సరిపోతుంది. అచ్చు వేయడానికి ఖర్చు ఒక స్టిక్కరంత.

వస్తువు నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు కొనేవాడిదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. సైకిళ్లు అమ్ముడయ్యేది కిలోల లెక్కన కాదు, కాబట్టి బరువు రాయడం మాకెందుకు అని కంపెనీలు తప్పించుకోవడం న్యాయం కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని తప్పనిసరి చేయాలి. ప్రభుత్వం బడిపిల్లల కోసం సైకిళ్లు కొన్నప్పుడల్లా టెండర్‌లో బరువు పరిమితి పెట్టి, వచ్చిన బండ్లను తూచి తీసుకోవాలి.

అంతవరకూ కొనేవాళ్లే అడగాలి. ఇంట్లో మనుషుల బరువు చూసే మిషన్ ఉంటే చాలు: సైకిల్ ఎత్తుకుని ఒకసారి, ఒట్టి చేతులతో ఒకసారి ఎక్కి తీసివేత వేస్తే బరువు తేలుతుంది. హిందూపురం, ధర్మవరం షాపుల వాళ్లు వేలాడే కాటా ఒకటి కొని, బిగించిన ప్రతి సైకిల్‌నూ తూచి హ్యాండిల్‌కు చీటీ కట్టండి. కొనేవాళ్లు ఆ చీటీ ఉన్న షాపుకే వెళ్లండి.