పాత ఇంటి కెమెరా తీగలు: పీకించే ముందు కొలవండి

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఉద్యోగాల కోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రిటైరయ్యాక కొందరు ఇల్లు అమ్మి పిల్లల దగ్గరికి వెళ్తారు, ఇంకొందరు స్మృతి నగర్ లాంటి కాలనీలో కట్టి ఉన్న ఇల్లు కొనుక్కుంటారు. అలా కొన్న ఇంటితో పాటు ఈ రోజుల్లో గేటు మీద, పెరటివైపు పాత కెమెరాలు, మెట్ల కింద అరలో దుమ్ము పట్టిన డీవీఆర్, దాని వెనక తీగల గుత్తి కూడా వస్తుంటాయి. కెమెరాలు బిగించేవారిని పిలిస్తే మొదట వినపడే మాట: "ఇదంతా పాతది, తీసేసి కొత్త వైరు లాగుదాం."

కొలిచి చూడకుండా ఆ మాటకు ఒప్పుకోనక్కర్లేదు. గోడలో ఉన్న తీగ చాలా సందర్భాల్లో ఇంకా పనికొస్తుంది. మార్చాల్సింది, కనీసం తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సింది దాని చివర ఉన్న పెట్టెను. తరచూ జరిగేది మాత్రం దీనికి తలకిందులు. తీగలు పీకిస్తారు, డీవీఆర్‌ను "నడుస్తోంది కదా" అని ఉంచేస్తారు.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 'త్రీ ప్లస్ వన్' కేబుల్. బొమ్మను మోసే కోయాక్సియల్ తీగ ఒకటి, పక్కన సన్నటి తీగలు మూడు ఉంటాయి. ఆ మూడింటిలో రెండు కెమెరాకు 12 వోల్టుల కరెంటు ఇస్తాయి. కోయాక్సియల్ తీగకు అంత త్వరగా కాలం చెల్లదు. ఒకప్పుడు దాని మీద 720×576 చుక్కల బొమ్మ వచ్చేది. ఇప్పటి హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు అదే తీగ మీద 1920×1080 బొమ్మను, అంటే దాదాపు 5 రెట్ల చుక్కలను పంపుతాయి.

ఇబ్బంది వచ్చేది కరెంటు తీగలతోనే. తీగ అడ్డుకోత 0.2 చదరపు మిల్లీమీటర్లు, కెమెరా దూరం 30 మీటర్లు అనుకుందాం. పోవడం, రావడం కలిపి 60 మీటర్ల రాగికి సుమారు 5 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటే దారిలో పోయేది ఒక వోల్టు మాత్రమే. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి 0.5 ఆంపియర్లకు చేరితే రెండున్నర వోల్టులు దారిలోనే పోతాయి, కెమెరాకు అందేది తొమ్మిదిన్నరే. పగలు చక్కగా కనిపించే కెమెరా చీకటి పడగానే మినుకుమంటుందంటే చాలాసార్లు కారణం ఇదే. దానికి కెమెరాను తిట్టడం అన్యాయం.

కాబట్టి మీటర్ పెట్టాల్సింది రాత్రిపూట, కెమెరా నడుస్తుండగా, దాని దగ్గరే. కెమెరా విప్పి ఖాళీ తీగ కొలిస్తే ఎప్పుడూ 12 వోల్టులే కనిపిస్తాయి. కరెంటు పారనప్పుడు వోల్టేజీ పడిపోదు. 'టెస్ట్ చేశాం' అన్నవారు ఏ పద్ధతిలో చేశారో అడగాలి.

తీగ చివర చాకుతో గీకి చూడటం ఇంకో పరీక్ష. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు. పై లెక్కలో పెడితే రాత్రి కెమెరాకు 8 వోల్టులే అందుతాయి. ఇందులో ఒక వింత కూడా ఉంది. అధిక పౌనఃపున్యం గల సంకేతం తీగ మధ్యలోంచి కాకుండా పైపొర వెంటే ఎక్కువగా పారుతుంది. 10 మెగాహెర్ట్‌జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం మిల్లీమీటరులో 50వ వంతు. కాబట్టి కరెంటు మోయలేని ఆ నాసిరకం తీగ బొమ్మను బాగానే మోయవచ్చు. అలాంటి చోట కెమెరా పక్కనే ప్లగ్ పాయింట్ ఉంటే చిన్న అడాప్టర్ పెట్టుకుంటే సరిపోతుంది, గోడ పగలగొట్టే పని ఉండదు.

కొత్త తీగ నిజంగా అవసరమయ్యే చోట్లూ ఉన్నాయి. ఎండకు తొడుగు పగిలిన బయటి తీగలు, వాన నీరు దిగి రాగి పచ్చబడ్డ కనెక్టర్లు, గోడ లోపల టేపు చుట్టిన అతుకులు ఉన్నప్పుడు పొదుపు చూసుకోకూడదు. నెట్‌వర్క్ కెమెరాలే కావాలనుకుంటే అసలు రాగితో చేసిన ల్యాన్ కేబుల్ వేయించడం మేలు. ఆ కేబుల్ మీదే సుమారు 48 వోల్టుల కరెంటు వెళ్తుంది. అదే పవర్‌కు నాలుగో వంతు కరెంటు చాలు కాబట్టి దారిలో నష్టం బాగా తగ్గుతుంది.

పీకేసిన తీగ ఎక్కడికి పోతుందన్నది కూడా ఆలోచించాలి. పాత సామాన్ల దగ్గర రాగి కోసం పీవీసీ తొడుగును కాల్చడం మన దేశంలో కొత్త కాదు. ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు ఉంటాయి. డయాక్సిన్లు పుట్టడానికి రాగే ఉత్ప్రేరకంగా తోడ్పడుతుంది. 2018లో తూత్తుకుడి కర్మాగారం మూతపడ్డాక శుద్ధి చేసిన రాగిని భారత్ ఎగుమతి కంటే ఎక్కువగా దిగుమతి చేసుకుంటోంది.

ఇక పెట్టె సంగతి. తీగకు జ్ఞాపకం ఉండదు, డీవీఆర్‌కు ఉంటుంది (స్మృతి నగర్ పేరుకు తగ్గట్టే). పాత యజమాని ఫోన్‌లోని యాప్, బిగించిన వ్యక్తి పెట్టిన పాస్‌వర్డ్, కొన్ని వారాల దృశ్యాలు అందులో మిగిలి ఉండొచ్చు. అమ్మినవారు మంచివారే కావచ్చు. కానీ కొత్త కుటుంబం ఎప్పుడు ఊరెళ్తుందో వారి ఫోన్‌లో కనిపించాల్సిన అవసరం ఏముంది? 2016లో 'మిరాయ్' అనే హానికర ప్రోగ్రామ్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను మార్చని కెమెరాలు, రికార్డర్లలోకి చొరబడింది. దాదాపు 60 పేరు-పాస్‌వర్డ్ జతలను ప్రయత్నించడమే దాని మంత్రం. ఆ ఏడాది అక్టోబర్ 21న అలా చిక్కిన పరికరాలతో జరిగిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సేవలు స్తంభించాయి. భారత ప్రభుత్వం సీసీటీవీ కెమెరాలకు తప్పనిసరి చేసిన భద్రతా పరీక్షల నిబంధన 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అయితే ఆ నిబంధన కొత్తగా అమ్మేవాటికి. మెట్ల కింద పాత పెట్టెను ఎవరూ వచ్చి పరీక్షించరు.

ఇల్లు అమ్మేటప్పుడు బోరు మోటారు, ఫ్యాన్లు లెక్క చూసి అప్పగిస్తారు. కెమెరాల ఖాతా కూడా ఆ లెక్కలో చేరాలి. డీవీఆర్‌ను రీసెట్ చేసినంత మాత్రాన చాలా యాప్‌లలో పాత ఖాతాతో బంధం తెగదు, దాన్ని పాత యజమానే తన ఫోన్‌లోంచి తొలగించాలి. సామాను లారీ ఎక్కకముందే, ఇద్దరూ ఆ ఇంట్లో ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి.