తంగేడు గుట్ట బంజరు కాదు

ఊరి పక్క గుట్ట మీద చెట్లు లేకపోతే అది ఖాళీ జాగా అనీ, అక్కడ మొక్కలు నాటితే మేలే తప్ప కీడు ఉండదనీ మనలో చాలామంది నమ్ముతున్నారు. ప్రభుత్వాలు నమ్ముతున్నాయి, స్వచ్ఛంద సంస్థలు నమ్ముతున్నాయి, పుట్టినరోజుకు మొక్క నాటే చదువుకున్న పిల్లలూ నమ్ముతున్నారు. ఈ నమ్మకం తప్పు. ఆ గుట్ట ఖాళీగా లేదు. అక్కడ తంగేడు ఉంది.

2014లో తెలంగాణ తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. మరుసటి ఏడే 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం మొదలైంది. పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది సంకల్పం. దాన్ని నేను తప్పుపట్టను. రోడ్ల వెంట, బడుల్లో, నరికేసిన అడవిలో నాటి బతికించిన ప్రతి మొక్కా మంచిదే. కానీ ఆ శాతాల్లో తంగేడుకు చోటు లేదు. దేశంలో అడవుల లెక్క తీసే ఫారెస్ట్ సర్వే, చెట్ల కొమ్మల కప్పు 10 శాతానికి తగ్గిన అడవి నేలను స్క్రబ్ అని రాసి, అడవి విస్తీర్ణంలో కలపదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్న బంజరు భూముల అట్లాసులో పొదల నేలకూ రాతి నేలకూ వేర్వేరు గడులు ఉన్నాయి. రెండూ బంజరు కిందికే వస్తాయి. శిస్తు రాని నేల దేనికీ పనికిరాదన్న తెల్లదొరల కాలపు చూపు ఇంకా మన కాగితాలను వదల్లేదు. ఆ కాగితం చూసిన అధికారి గుట్టకు గుంతలు తవ్వించడమే సేవ అనుకుంటే, తప్పు ఆయన ఒక్కడిదే కాదు.

తంగేడు ఆ నేలకే పుట్టింది. జానెడు మట్టి లేనిచోట బండ నెర్రెల్లోకి వేరు దించుతుంది. నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. పశువులు దాని జోలికి పెద్దగా పోవు. పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అదీ కేసరాల కొసన సన్నని రంధ్రాల వెనక దాగి ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిరిస్తేనే అది రాలుతుంది. ఆకుల మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, వాటి గొంగళ్ల కోసం పిట్టలు వస్తాయి. వాన ఉరికొచ్చే వాలులో ఈ పొదలు నీటి దూకుడును తగ్గించి మట్టిని పట్టి ఉంచుతాయి. గుట్ట కింద చెరువు ఉంటుంది కదా. మిషన్ కాకతీయలో మనం ఊరూరా తీసిన పూడిక ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించాలి. పొదలు పెరికి జేసీబీతో కందకాలు కొట్టిన వాలు మీది మట్టి తొలి వానకే ఆ చెరువులోకి దిగుతుంది.

వేడెక్కుతున్న కాలంలో చెట్లే దిక్కు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెట్టు నిలిచే చోట చెట్టే నాటాలి. బండ మీద గుంత తీసి పెట్టిన మొక్క చాలాచోట్ల మొదటి ఎండాకాలానికే మాడిపోతుంది. మొండిగా బతికేవాటిని ఏరి నాటుదామంటే ఏం జరిగిందో చూశాం: కోనోకార్పస్‌ను ఊరూరా పెట్టి, తర్వాత వద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది.

పొదల నేలను చిన్నచూపు చూసేవాళ్లు కడప జిల్లాకు వెళ్లాలి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం దగ్గర దొరికింది. దొరికింది దట్టమైన అడవిలో కాదు, ముళ్ల పొదలూ వాటి మధ్య వట్టి నేలా ఉన్న చోట. ఆ పొదలు కొట్టేసి చెట్లు పెంచితే ఆ పిట్టకు నిలువ నీడ ఉండదు. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అంటే పొదల నేలను పొదల నేలగానే కాపాడటం మనకు చేతకాని పనేం కాదు.

మనుషుల సంగతీ ఉంది. క్రోమియం రాకముందు ఇక్కడి లందల్లో తోళ్లను పదును చేసింది తంగేడు చెక్కే. తోలు బొక్కెనతో మోట కొట్టి నీళ్లు పారించిన బావుల వెనక ఆ చెక్కా, దాన్ని కొట్టి నానబెట్టిన మాదిగల చెమటా ఉన్నాయి. రైతులు తంగేడు రొట్టను వరి మడిలో తొక్కి ఎరువు చేసుకున్నారు. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తాంబాళంలో తంగేడు లేని బతుకమ్మను ఊహించలేం. ఇవాళ పట్నంలో ఆ పూలను కట్టలు కట్టి అమ్ముతుంటే కొంటున్నాం. ఊరి చుట్టూ గుట్టలు ప్లాట్లయ్యాయి, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలయ్యాయి. మిగిలినవాటిని పచ్చదనం పేరుతో మనమే తవ్వుకోవడం నాకు అన్నిటికన్నా బాధగా ఉంది.

పొదల నేలను బంజరు జాబితా నుంచి తీసేయాలి. ఏ గుట్ట మీదైనా గుంత తీసే ముందు అక్కడ ఏమేం పెరుగుతున్నాయో గ్రామసభలో రాయించాలి. గొర్ల కాపరులకూ, పూలకు పోయే ఆడవాళ్లకూ తెలిసినంతగా ఆ గుట్ట ఇంకెవరికీ తెలియదు. ఇప్పటికే బోడిచేసిన వాలు మీద నాటాల్సి వస్తే, ఎండిన తంగేడు కాయలను ఉపాధి హామీ కూలీలతో ఏరించి, పెంకు గట్టి గనుక గింజలను వేడినీళ్లలో నానబెట్టి, తొలకరికి చల్లించవచ్చు.