నాలుగు చక్రాల పరువు

మనిషిని తూచడానికి మనవాళ్ళు వాడే తక్కెడలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. ఒకప్పుడు ఎన్నెకరాల మాగాణి అని అడిగేవారు. తరువాత ఏ ఉద్యోగం, జీతం ఎంత అని ఆరా తీసేవారు. ఇప్పుడు అడిగే శ్రమ కూడా లేదు. వాకిట్లో ఆగిన కారును చూసి, అందులోంచి దిగేవాడికి విలువ కట్టేస్తున్నారు. కారు ప్రయాణ సాధనమన్న మాట మరచి, దాన్ని పరువు కోసం కొనే వస్తువుగా మార్చుకున్నామనీ, ఆ పరువు ఖరీదును కారు లేనివాడు తన ప్రాణంతో చెల్లిస్తున్నాడనీ నా అభియోగం. కారున్న మిత్రులు నొచ్చుకోవచ్చు. పద్నాలుగేళ్ళుగా నడుపుతున్న చిన్న కారొకటి నాకూ ఉంది కనుక ఆ నొప్పిలో నా వంతు నాకూ ఉంటుంది.

కారు మీద ప్రేమనంతటినీ నేను తప్పు పట్టడం లేదు. ఉత్తరపారా కర్మాగారం నుంచి 2014 వరకు వచ్చిన అంబాసిడర్లూ, ఫియట్ 1100 నమూనాలో తయారైన పద్మినీలూ రాజ్యమేలిన రోజుల్లో ఊళ్ళోకి కారు వచ్చిందంటే అధికారైనా వచ్చి ఉండాలి, ఎన్నికలైనా వచ్చి ఉండాలి, పెళ్ళైనా జరుగుతూ ఉండాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకనే, ఇది నాది అని చెప్పుకోగలిగిన కారు మధ్యతరగతికి దక్కింది. 796 సీసీ ఇంజనుతో, అగ్గిపెట్టె వంటి ఆ బండిలో నలుగురు పట్టే చోట ఏడుగురం సర్దుకొని తిరుపతికి వెళ్ళివచ్చాం. పెద్దవాళ్ళను ఆసుపత్రికి చేర్చాం. సేవ చేసిన వస్తువు మీద పుట్టే ఆ మమకారం రైతుకు ఎద్దు మీద ఉండేటటువంటిది. దానితో నాకు తగవు లేదు.

నా తగవు నానోను తిరస్కరించిన మనస్తత్వంతో. 2008 జనవరి 10న ఢిల్లీలో రతన్ టాటా ఆ కారును లోకానికి చూపించారు. వానలో ఒకే స్కూటరు మీద వెళుతున్న కుటుంబాన్ని చూసినప్పుడు తనకు ఆ ఆలోచన కలిగిందని ఆయనే చెప్పారు. ధర లక్ష రూపాయలన్నారు. సింగూరు భూముల వివాదంతో కర్మాగారం గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోవడం, కొన్ని బండ్లకు నిప్పంటుకోవడం ఆ కారును దెబ్బ తీశాయన్నది నిజమే. కానీ అంతకు మించిన దెబ్బ అన్నిటికన్నా చవకైన కారన్న ముద్రే. ఆ ముద్ర వేయడం పొరపాటని తరువాతి కాలంలో రతన్ టాటా కూడా ఒప్పుకున్నారు. 2018 జూన్‌లో తయారైన నానో ఒకే ఒక్కటి. దీని అర్థమేమిటి? నలుగురు మనుషులు రెండు చక్రాల మీద వేలాడుతూ తిరిగే దేశంలో, వానకు తడవని బండి తక్కువ ధరకు దొరికితే, 'తడిసినా ఫరవాలేదు గానీ చవకవాడని అనిపించుకోరాదు' అని తీర్మానించుకున్నాం. పక్కింటివాడి చూపు వానకన్నా గట్టిగా తడుపుతుంది కాబోలు!

ఇక ఇప్పటి వేషాలు చూడండి. నాలుగు మీటర్ల పొడవు మించని చిన్న కార్లకు కేంద్రం 2006లో పన్ను తగ్గించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ మార్పుల్లోనూ ఆ గీత అలాగే ఉంది: పొడవుకూ ఇంజను పరిమాణానికీ పెట్టిన హద్దుల్లో ఉన్న కారుకు 18 శాతం, మించిన కారుకు 40 శాతం. పన్ను చిన్న కారుది కావాలి, దర్పం పెద్ద కారుది కావాలి. అందుకని తయారీదారులు చిన్న కారునే నాలుగంగుళాలు పైకి లేపి, ముక్కు మొద్దు చేసి, నడుము చుట్టూ నల్లటి ప్లాస్టిక్కు పట్టీ కట్టి ఎస్‌యూవీ అంటున్నారు. గొర్రెకు ఏనుగు తొడుగు వేసినట్టు! 2023-24లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా ఈ యుటిలిటీ తరగతివే. వీటిలో ఎన్ని కొండలెక్కాయి? ఎన్ని ఏళ్ళు దాటాయి? కూకట్‌పల్లి నుంచి మాదాపూరు దాకా, అదీ ఒక్క మనిషితో, రోజూ వెళ్ళి రావడమేగా వాటి సాహసయాత్ర!

కారుతో తీరదు, దానికి అంకె కూడా కావాలి. ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో 9999 కోసం లక్షలు పాడుకుంటున్నారు. కూడితే తొమ్మిది రావాలట! ఆడపిల్ల తండ్రి దగ్గర ఈ వ్యాధి మరీ క్రూరంగా పని చేస్తుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది కనుక కారు అడిగామని ఎవరూ చెప్పరు. "మేమేమీ అడగలేదండీ, వాళ్ళే ముచ్చటపడి పెట్టారు" అంటారు. ఆ ముచ్చట తీరడానికి ఎంత పొలం అమ్ముడుపోయిందో శుభలేఖలో వేయరు కదా. ఆ మధ్య బంధువుల పెళ్ళికి వెళితే, కల్యాణ మండపం కాపలాదారు నా బండిని చూసి, "వెనకాల ఖాళీ స్థలంలో పెట్టుకోండి సార్" అన్నాడు. నా వెనకే వచ్చిన కొండంత వాహనానికి సలాము కొట్టి ముందు వాకిట్లోకి పంపాడు. అతణ్ణి నేను తప్పు పట్టను. లోపల పెద్దలు చేసే పనినే అతడు బయట, ఎండలో నిలబడి చేస్తున్నాడు.

"నా కష్టార్జితం, నా ఇష్టం, నీకేమిటి బాధ?" అన్నది మొదటి ఆక్షేపణ. సొమ్ము మీదే. రోడ్డు మీది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి ఎనిమిది కుటుంబాలకు మించి కారు లేదు. ఆ ఎనిమిది కుటుంబాల కోసం రోడ్లు వెడల్పు చేసి, వంతెనలు లేపి, తక్కిన తొంభై రెండు కుటుంబాలు నడిచే కాలిబాటను చెరిపేశాం. మిగిలిన కాస్త కాలిబాట మీద మీ కష్టార్జితం రాత్రింబవళ్ళు నిలబడి ఉంటుంది.

"పెద్ద కారైతే భద్రత" అన్నది రెండవది. మంచిదే, 2023 అక్టోబరు నుంచి కార్ల దృఢత్వానికి మన దేశంలోనే నక్షత్రాలు ఇస్తున్నారు, చూసి కొనండి. నక్షత్రాలు చిన్న కార్లకూ వస్తాయి. కానీ భద్రత ఎవరికన్నది అసలు ప్రశ్న. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల మీదివారు, 19 మంది పాదచారులు. కార్లూ జీపుల్లాంటి తేలిక వాహనాల్లో ఉన్నవారు సుమారు 12 మంది. మనం నక్షత్రాలు లెక్కపెట్టుకునేది ఈ పన్నెండు మంది కోసం. ఎత్తైన మొద్దు ముక్కు గల బండి గుద్దితే దెబ్బ కాళ్ళకు కాక ఛాతీకి, తలకు తగులుతుంది. ముందు బిగించే ఇనుప కమ్మీలను కేంద్రం 2017లోనే వద్దంది. ఈనాటికీ కనబడుతూనే ఉన్నాయి.

"ముసలివాళ్ళతో, పసివాళ్ళతో బస్సెక్కి చూడు" అన్నది మూడవది. ఈ మాటకు నేను తల వంచుతాను, ఎందుకంటే ఇది అవసరం. ఆ అవసరానికి చిన్న కారు చాలు. బస్సులు బాగుపడితే అదీ తగ్గుతుంది. అయితే ఊళ్ళో నోరున్నవాళ్ళంతా కార్లలో కూర్చుంటే బస్సు కోసం అడిగే గొంతు ఎక్కడిది?

కనుక నేను కోరేవి మూడు. జపానులో 1962 నుంచి ఉన్నట్టు, నిలుపుకునే చోటు చూపినవారికే కారు నమోదు చేయాలి. నడిచేవారికి కాలిబాట జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీం కోర్టు చెప్పింది. పురపాలకులు ఆ మాటను సిమెంటుతో రాయాలి. మూడవది ప్రభుత్వం చేసేది కాదు, మనం చేసేది. ఇంటికి వచ్చినవారిని "ఏ కారులో వచ్చారు?" అని అడగడం మానేద్దాం. నడిచి వచ్చినవారికి కాళ్ళకు నీళ్ళిచ్చిన ఇళ్ళు మనవి. ఆ మర్యాదను కారు తాళాలకు మార్చుకోవడం వల్ల మనం బాగుపడ్డామని ఎవరైనా నిరూపిస్తే వినడానికి సిద్ధంగా ఉన్నాను. కాదనేవారు నిర్మొహమాటంగా కాదనండి. వాదిద్దాం.