మిరప మంట అనుకుంటున్న తిమ్మిరి

మిరప కోతల రోజుల్లో చేతులు మండుతున్నాయంటే ఎవరూ పట్టించుకోరు. కాయ ఘాటు అంతేనంటారు, మర్నాడు మళ్లీ చేలోకి దిగుతారు. కానీ ఘాటు మంట కాయ తగిలిన చోటల్లా ఉంటుంది, పని ఆపితే తగ్గిపోతుంది. అలాకాక బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి, అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవాల్సి వస్తూ, చిటికెన వేలు మాత్రం బాగానే ఉంటే మణికట్టులో మీడియన్ నరం నలుగుతోందని అనుమానించాలి. వైద్యులు దీన్ని కార్పల్ టనల్ సిండ్రోమ్ అంటారు. ముదిరితే బొటనవేలి మొదట్లో కండ కరుగుతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పూర్తి పట్టు రాకపోవచ్చు.

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి తీత, మిరప కోత, తొడిమలు తీసే పని ఎక్కువగా ఆడకూలీలదే. ఆపరేషన్ అంటే వాళ్లకు కత్తికన్నా ఎక్కువ భయం, పోయే కూలి గురించి. చిన్న కోత శస్త్రచికిత్సల విలువను ఇక్కడి నుంచే లెక్కగట్టాలి.

1980ల చివర్లో వచ్చిన ఎండోస్కోపీ పద్ధతిలో చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, నరాన్ని నొక్కుతున్న లిగమెంటును కోస్తారు. మామూలు కోతతో పోలిస్తే రోగులు సగటున వారం ముందే పనిలోకి వెళ్తున్నారని 2014 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ వారం కూలి చిన్నదేమీ కాదు. అయితే కొన్నాళ్లు పోయాక రెండింటి ఫలితమూ దాదాపు ఒకటే. పరికరాలు ఖరీదు, తగిన శిక్షణ లేకపోతే నరానికే ముప్పు. అందుకే మన ప్రభుత్వాసుపత్రుల్లో తొలి అడుగు ఎండోస్కోపీ కాకూడదని నా అభిప్రాయం.

తొలి అడుగు సూది, అదీ చేతికే వచ్చే మరో జబ్బుతో మొదలుపెట్టి. వేలు ముడిచాక తెరుచుకోక, బలవంతంగా లాగితే టక్కుమని విడిపోయే ట్రిగ్గర్ ఫింగర్‌కు చర్మం కోయకుండా సూదితోనే బిగుతు విడదీసే పద్ధతి ఉంది. పుండు సూదిమొన అంతే కాబట్టి త్వరగా మానుతుంది. బొటనవేలి దగ్గర మాత్రం నరాలు మరీ చేరువ, అక్కడ అనుభవజ్ఞుల చెయ్యే పడాలి.

కెనడా సర్జన్ డొనాల్డ్ లాలోండ్ ప్రచారంలోకి తెచ్చిన మత్తు విధానం దీనికి తోడు. లిడోకైన్‌లో కొద్దిగా అడ్రినలిన్ కలిపి చేతికే ఇస్తారు. రక్తస్రావం తగ్గుతుంది, చేతికి బిగించే పట్టీ అక్కర్లేదు, రోగి మెలకువగానే ఉండి వేళ్లు కదిపి చూపుతుంది. వేళ్లలో అడ్రినలిన్ వాడకూడదన్న పాత భయాన్ని 2005లో 3,110 కేసుల అధ్యయనం పోగొట్టింది. నరసరావుపేట, చీరాల ఏరియా ఆసుపత్రుల స్థాయిలోనూ శిక్షణ పొందిన సర్జన్ ఉంటే ఇది సాధ్యమే.

ఎంత చిన్న గాయమైనా మానేదాకా మిరప తాకకూడదు. 2019 డిసెంబరులో మొదలైన ప్రభుత్వ పథకం ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ తర్వాత విశ్రాంతికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇవ్వాలన్నది. కూలీల చేతి చికిత్సలకు అలాంటి భృతి తప్పనిసరి చేయాలి. పత్తి తీత మొదలయ్యేలోపు ఊరూరా ఆశా కార్యకర్తలతో చేతుల పరీక్ష చేయించాలి. తొలిదశలో పట్టుకుంటే రాత్రిపూట మణికట్టు పట్టీతోనో, ఒక ఇంజెక్షన్‌తోనో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది.