బస్సు రాదని చెప్పడానికి నోరు రాదా?

ఊరికి కొత్త బస్సు వేస్తే ఎంత హడావిడి! అద్దానికి బంతిపూల దండ, టైరు కింద నిమ్మకాయ, పచ్చజెండా, స్టీరింగు పట్టుకుని ఫొటో దిగే ఎమ్మెల్యే. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో. అదే బస్సును ఆర్నెల్లకు తీసేస్తే మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. చిత్తుకాగితం మీద నాలుగు ముక్కలు రాసి స్టేజీ దగ్గర వేపచెట్టుకు అంటించే దిక్కు కూడా ఉండదు. ఆరున్నర బస్సు రాదన్న సంగతి జనానికి ఏడున్నరకు తెలుస్తుంది. అదీ ఎవరో చెప్పి కాదు, నిలబడీ నిలబడీ కాళ్లు పీకితే!

ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు ఊళ్లో ఒక్క ఆటోవాళ్లే. బస్సు రాని పూట సరిగ్గా ఆ టైముకే వచ్చి ఆగుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల పొట్టకూటికి డిపో కబురు కావాలి, కనుక్కుంటారు. మరి పాసుకు నెల డబ్బులు ముందే కట్టిన ఇంటర్ కుర్రాడికి ఆ కబురు చెప్పాల్సింది ఎవరు? కండక్టర్‌ని అడిగితే ‘మాకేం తెలుసు తమ్మీ, డిపోలో అడుగు’ అంటాడు. పాపం, ఆయనకూ పొద్దున డ్యూటీ చార్టు చూశాకే తెలుస్తుంది. డిపోకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటుంది. ఎవరైనా ఎత్తారా, ‘పైనుంచి ఆర్డరు’ అంటారు. ఆ పైన కూర్చున్నవాళ్లు ఏనాడైనా బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డారా అని నా అనుమానం.

జాతరలప్పుడు, పండగలప్పుడు, పెద్ద నాయకుల సభలప్పుడు ఇది మరీ విడ్డూరం. మేడారం జాతరకు ఎన్ని వేల స్పెషల్ బస్సులు, ఏ పాయింటు నుంచి, ఏ వేళకు అన్నదంతా పేపర్లలో, టీవీల్లో మోగిపోతుంది. మోగనివ్వండి, అమ్మవార్ల దగ్గరికి జనం సుఖంగా వెళ్లాల్సిందే. కానీ ఆ వేల బస్సులు ఆకాశం నుంచి ఊడిపడవు కదా? ఎక్కడో ఏదో పల్లెకు తిరిగే బస్సునే అటు మళ్లిస్తారు. ఏ పల్లెది? ఎన్ని రోజులు? ఆ జాబితా మీరెప్పుడైనా చూశారా? వేసిన బస్సుల లెక్క వేళ్ల మీద చెప్పే అధికారికి తీసిన ట్రిప్పుల లెక్క అడిగితే గొంతు పెగలదు.

నైట్ హాల్ట్ బస్సు సంగతి వేరే చెప్పాలి. రాత్రికి ఊళ్లోనే ఆగి తెల్లారుజామున కదిలే ఆ బస్సును బట్టే ఊరు నిద్ర లేస్తుంది. ఆకుకూరల మూటలు, పాలక్యాన్లు, అడ్డా మీదికి పోయే కూలీలు, పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ కోసం క్యూ కట్టాల్సిన ముసలివాళ్లు, అందరూ దాంట్లోనే. దాన్ని చెప్పాపెట్టకుండా ఎత్తేస్తే కూలీ అడ్డాకు చేరేసరికి మేస్త్రీలు మనుషుల్ని ఎంచుకుని వెళ్లిపోయి ఉంటారు. ఆ రోజు కూలి పోయినట్టే. కొత్తిమీర ఎండ ముదిరాక రైతుబజారుకు చేరితే అడిగేవాడుండడు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోయే మనిషికి ఆసుపత్రిలో ఇచ్చిన టైము బస్సు కోసం ఆగదు. ముందురోజు సాయంత్రం ఒక్క మాట చెప్పి ఉంటే ఎవరి బండో మాట్లాడుకునేవాళ్లు, చుట్టాలింట్లో పడుకునేవాళ్లు, ఏదో తంటా పడేవాళ్లు. ఆ ఒక్క మాటకే కరువొచ్చింది.

ఇది బద్ధకం అనుకుంటే పొరపాటు. ఇందులో సౌకర్యం ఉంది. బస్సు నాలుగు రోజులు వస్తుంది, రెండు రోజులు రాదు, ఓ రోజు గంట ఆలస్యం. ఎన్నాళ్లని నమ్ముతారు? జనం మెల్లగా ఆటోలకు, అప్పుచేసి కొన్న బైకులకు మళ్లుతారు. అప్పుడు డిపోలో లెక్క తీస్తారు. ఓఆర్ (సీట్లు నిండే శాతం) పడిపోయింది, కిలోమీటరుకు ఇంతే ఆదాయం, ఈ రూటు గిట్టుబాటు కాదు అని తేలుస్తారు. జనం ఎక్కడం లేదట! ఎక్కడానికి బస్సేదయ్యా?

జనానికి చెప్పాలన్న మాట చట్టంలో లేదా అంటే, ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 72వ సెక్షన్ చూడండి. బస్సు పర్మిట్‌కు పెట్టదగిన షరతుల్లో, ఆమోదించిన టైంటేబుల్ ప్రతిని బస్సులోనూ, చెప్పిన స్టాండ్లలో, స్టాపుల్లోనూ ప్రదర్శించాలన్నది ఒకటి. పల్లె బస్సులో టైంటేబుల్ కంటపడిందా ఎవరికైనా? ‘పొగ త్రాగరాదు’ ఉంటుంది, చిల్లర గురించిన విన్నపం ఉంటుంది, వెనక అద్దం నిండా కోచింగ్ సెంటరు ర్యాంకులుంటాయి. టైంటేబుల్‌కే జాగా చాలదు! 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఇంకా సూటిగా చెప్పింది. జనం మీద పడే నిర్ణయాలను ప్రకటించేటప్పుడు సంబంధించిన విషయాలన్నీ బయటపెట్టాలి, ఆ నిర్ణయం ఎవరికి తగులుతుందో వాళ్లకు కారణం చెప్పాలి. అదీ ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే. స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని దృష్టిలో పెట్టుకోవాలని, నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలని మార్గాలు కూడా చట్టమే చూపించింది. ఇంగ్లిషులో ఒక ట్వీటు పడేసి చేతులు దులుపుకోమని అందులో ఎక్కడా లేదు.

రైలు రద్దయితే నంబరుతో, తేదీతో పేపర్లో వేస్తారు. ఆలస్యమైతే స్టేషన్లో ఓ గొంతు అసౌకర్యానికి చింతిస్తున్నామంటుంది. రికార్డు చేసిన చింతే అనుకోండి, ఆ మాత్రం చింతకైనా బస్సు ప్రయాణికుడు నోచుకోలేదు. ఫలానా వీధిలో పది నుంచి రెండు వరకు కరెంటు ఉండదని కరెంటోళ్లు చెబుతున్నారు. ఇంటిపన్ను కట్టమని పంచాయతీ మైకు అరుస్తుంది, చెత్తబండి పాట పాడుకుంటూ గుమ్మాల ముందుకే వస్తుంది. ఊళ్లో ఇన్ని గొంతులుండగా, రేపు బస్సు లేదన్న ముక్కకు ఒక్కటీ దొరకలేదా? ఫోనులో బస్సు ఎక్కడుందో చూపించే యాప్‌లు వచ్చాయంటారు. బాగుంది, డిపో గేటే దాటని బస్సు కోసం అందులో ఎక్కడ వెతకాలి?

అడిగితే ఈమధ్య కొత్త జవాబు ఒకటి మొదలైంది. ‘ఫ్రీయే కదమ్మా, వచ్చినప్పుడు ఎక్కు.’ తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. అంతమాత్రాన అడిగే హక్కు కూడా రద్దయిందా? ఆ జీరో టికెట్ల డబ్బు ప్రభుత్వం ఇవ్వాల్సింది జనం కట్టే పన్నుల్లోంచే. ఆ ఆడవాళ్లు కొనే సబ్బు మీదా, చెప్పుల మీదా వసూలు చేసిన డబ్బే అది. ఎవరి జేబులోంచీ దానం చేయడం లేదు.

జనం ఐరావతాన్ని అడగడం లేదు. బస్సులు తక్కువున్నాయని, డ్రైవర్లు చాలడం లేదని వాళ్లకూ తెలుసు. అడుగుతున్నది ఒక్క కాగితం. ఏ ట్రిప్పు, ఏ తేదీ నుంచి, ఎందుకు, ఎప్పటివరకు, దానికి బదులు ఏది, కింద అధికారి సంతకం. రాయడానికి పది నిమిషాలు పట్టదు. అయినా రాయరు, ఎందుకంటే చివర ఆ సంతకం ఉంది. సంతకమున్న కాగితాన్ని పట్టుకుని సోమవారం సర్పంచ్ ప్రజావాణికి పోతాడు, కలెక్టర్ ముందు పెడతాడు, ఆ జెండా ఊపిన ఎమ్మెల్యేనే నిలదీస్తాడు. కాగితం లేదనుకోండి, అసలు రద్దే జరగలేదు. ఆ రోజు బండి బ్రేక్‌డౌన్ అయింది, అంతే. మర్నాడూ బ్రేక్‌డౌనే. ఏడాదైనా బ్రేక్‌డౌనే.